మూలబడని బండ్లు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు జరిగిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమున మోటారుకార్ల ప్రసంగమేల యని కొందఱు సందేహింపవచ్చును. కావ్యమో, పురాణమో, సంఘసంస్కరణమో చెప్పదగిన వేదికపై ఇనుపబండ్ల ముచ్చట తగునా యనవచ్చును. కాని పాతవస్తువును పాఱవేయక దాచుకొనుట యేల, ఎట్లు అను ప్రశ్న గ్రంథాలయమునకు ఎంత ముఖ్యమో, పాత మోటారుబండ్ల అభిమానులకును అంత ముఖ్యము. సుమారు నూఱేండ్లుగా వారు ఆ ప్రశ్నతో తంటాలు పడుచున్నారు. వారి చరిత్రలో నవ్వు పుట్టించు సంగతులు పెక్కు గలవు. గ్రంథాలయము నడుపువారు నేర్చుకొనదగినవియు కొన్ని గలవు.

మొదటి ప్రయాణము

జర్మనీ దేశమున కార్ల్ బెంజ్ అను ఇంజనీరు తన మూడుచక్రముల మోటారుబండిపై హక్కు కోరి 1886 జనవరి 29వ తేదీన దరఖాస్తు పెట్టెను. బండి సిద్ధమైనది గాని దానిని నమ్మి కొనువారు అరుదైరి. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, భర్తకు చెప్పకయే, ఇద్దఱు కొడుకులను వెంటబెట్టుకొని, మన్‌హైమ్ నగరమునుండి ఫోర్ట్స్‌హైమ్ లోని పుట్టినింటికి ఆ బండిమీద బయలుదేఱెను. దూరము నూఱు కిలోమీటర్లకు పైమాటయే. త్రోవలో పెట్రోలుబంకు లేదు, మరమ్మతు దుకాణము లేదు. వీస్లోఖ్ అను ఊరిలో మందుల దుకాణమునకు పోయి, బట్టల మరకలు పోగొట్టుటకు వాడెడి లిగ్రోయిన్ అను ద్రవమును కొని ఇంధనముగా పోసెను. ఇంధనపు గొట్టము పూడుకొనిపోగా టోపీకి గ్రుచ్చుకొను సూదితో దానిని పొడిచి శుభ్రపఱచెను. తీగ ఒరసికొనగా మేజోటిపట్టీని దానికి చుట్టెను. బ్రేకుచెక్కలు అరిగిపోగా దారిలో చెప్పులు కుట్టువానిచేత వానికి తోలుముక్కలు కొట్టించెను. ఎత్తుల యొద్ద కొడుకులు దిగి బండిని త్రోసిరి. ప్రొద్దు గ్రుంకువేళకు పుట్టిల్లు చేరి, క్షేమముగా వచ్చితిమని భర్తకు తంతి పంపెను.

ఆడపడుచు పుట్టింటికి పోవుట లోకమున వింత గాదు. కాని ఆ ప్రయాణమే మోటారుబండి చేసిన మొదటి దూరప్రయాణమైనది. బండి ఎత్తు ఎక్కలేకున్నదని ఆమె చెప్పగా బెంజ్ దానికి మఱియొక గేరు చేర్చెను. వీస్లోఖ్ లోని ఆ మందుల దుకాణము ప్రపంచమున మొదటి పెట్రోలుబంకు అని నేటికిని పేరు పొందుచున్నది.

ఎఱ్ఱజెండా

ఇంగ్లండు దేశమున కథ వేఱు విధముగ నడచెను. అచట ఆవిరియంత్రపు బండ్లు రోడ్లమీద తిరుగుచు గుఱ్ఱములను బెదరించుచున్నవని 1865లో ఒక శాసనము చేసిరి. దాని ప్రకారము యంత్రపు బండి నడుపుటకు ముగ్గురు మనుష్యులుండవలెను. అందొకడు బండికి 60 గజములు ముందుగా, ఎఱ్ఱజెండా పట్టుకొని, కాలినడకను పోవలెను. వేగము పల్లెపట్టున గంటకు 4 మైళ్లు, పట్టణమున 2 మైళ్లు మించరాదు. ఏమియు తొందరలేని మనిషి నడకకన్న పట్టణములో మోటారు వేగము తక్కువ యన్నమాట. 1878లో జెండా నిబంధనను సడలించిరి గాని ముందు నడచు మనిషిని మాత్రము తీసివేయలేదు.

1896 జనవరిలో కెంటు మండలమున వాల్టర్ ఆర్నాల్డ్ అను నతడు 2 మైళ్ల హద్దుగల చోట 8 మైళ్ల వేగముతో పోయెను. భోజనము చేయుచున్న పోలీసు జవాను అది చూచి, సైకిలెక్కి సుమారు 5 మైళ్లు తఱిమి పట్టుకొనెను. వేగము మీఱిన నేరమునకు విధించిన జుల్మానా 1 షిల్లింగు. ఆర్నాల్డు మోటారుబండ్ల వ్యాపారి. కావున ఆ కేసు అతనికి దైవమిచ్చిన ప్రకటనయే యైనది.

ఆ యేడే శాసనము మాఱెను. ముందు నడచు మనిషి అక్కఱలేదనియు, వేగము గంటకు 14 మైళ్లవఱకు పోవచ్చుననియు క్రొత్త చట్టము చెప్పెను. అధికారులు దానిని 12కు తగ్గించిరి. అది అమలులోనికి వచ్చిన 1896 నవంబరు 14వ తేదీన మోటారువారు పండుగ చేసికొనిరి. లండనులో ఫలాహారవేళ వించెల్సీ ప్రభువు ఒక ఎఱ్ఱజెండాను చించివేసెను. అనంతరము ముప్పదికి పైగా బండ్లు, 54 మైళ్ల దూరమున సముద్రతీరమందున్న బ్రైటన్ పట్టణమునకు బయలుదేఱెను. చేరినవి వానిలో సగమునకు కొంచెము ఎక్కువ. వానిలోను ఒక బండిని రైలులో పంపి, బ్రైటన్ స్టేషనులో దించి, రోడ్డుమీద వచ్చినట్లు బురద పూసిరని అప్పటినుండియు ఒక వదంతి కలదు. పరీక్షలో చూచి వ్రాసిన విద్యార్థివలె ఆ బండి ముఖము ఎట్లుండెనో ఊహించుకొనవచ్చును.

ముసలిబండ్ల తీర్థయాత్ర

ఆ ప్రయాణమును తలచుకొని 1927లో పాతబండ్లతో మఱల ఒక యాత్ర జరిపిరి. నాటినుండి యుద్ధకాలమునను, పెట్రోలు కఱవు వచ్చిన 1947లోను, అంటువ్యాధి ప్రబలిన 2020లోను తప్ప, నవంబరు మాసపు మొదటి ఆదివారమున అది జరుగుచునే యున్నది. 1905వ సంవత్సరమునకు ముందు తయారైన బండ్లకే ప్రవేశము. తెల్లవారుజామున లండనులోని హైడ్‌పార్కు నుండి బయలుదేఱుదురు. బయలుదేఱుటకు ముందు ఒక ఎఱ్ఱజెండాను ఆచారము తప్పక చించుదురు. ఇది పందెము కాదు. ముందు వచ్చినవారికి బహుమానము లేదు. సాయంకాలములోగా చేరుటయే ఘనత. పై కప్పు లేని బండిమీద, నవంబరు చలిలో, తాతలనాటి కోట్లు తొడిగికొని కూర్చుండి, మధ్య మధ్య దిగి బండిని త్రోయుచు, దారిప్రక్క జనులు చప్పట్లు కొట్టుచుండగా పోవుదురు. తీర్థయాత్రలో కాలినొప్పియు పుణ్యములో భాగమే గదా.

1930లో యాత్ర ముగిసిన పిమ్మట బ్రైటన్ లోని ఒక హోటలులో కొందఱు అభిమానులు కూడి వెటరన్ కార్ క్లబ్బును స్థాపించిరి. పాతబండ్లకు తరగతులు కూడ ఏర్పడినవి. మిక్కిలి పాతవి ‘వెటరన్’, 1919 మొదలు 1930 వఱకు వచ్చినవి ‘వింటేజ్’. వింటేజ్ అనగా మొదట ద్రాక్షపంట, అందుండి ఆ యేటి ద్రాక్షసారాయము అని అర్థము. సారాయమునకు చెల్లిన మాట ఇనుమునకు చెల్లినది. తెలుగువారు ఆవకాయ పాతబడినకొలది రుచియనినట్లు వారు బండ్ల విషయమున అనుకొనిరి కాబోలు.

ఈ యాత్ర పేరు ప్రపంచమంతట మ్రోగుటకు కారణము 1953లో వచ్చిన ‘జెనివీవ్’ అను హాస్యచిత్రము. హెన్రీ కార్నీలియస్ దానికి దర్శకుడు. జెనివీవ్ అనునది నాయికపేరు కాదు. 1904 నాటి డరాక్ కంపెనీ కారు పేరు. బ్రైటన్ నుండి తిరిగివచ్చునపుడు లండనులోని వెస్ట్‌మినిస్టర్ వంతెనను ముందుగా దాటువాడెవడని ఇద్దఱు స్నేహితులు పందెము వేయుదురు. చివఱి ఘట్టమున తొందరపడు నాయకుని ఒక వృద్ధుడు ఆపి, అట్టి బండిలోనే తాను తన భార్యను వివాహమునకు పూర్వము తిప్పితినని చెప్పుకొనును. పందెము చేజాఱిపోవుచున్నను నాయకుడు మాట త్రుంపక ఓపికతో వినును. తుదకు ఎదుటివాని కారు చక్రములు ట్రాముపట్టాలలో చిక్కి వేఱుదారి పట్టగా, జెనివీవ్ తనంత తానే దొర్లి వంతెన చేరును. పాతబండిపై ప్రేమ యనగా ఇనుముపై ప్రేమ మాత్రమే కాదని, దానిలో తిరిగినవారి కథ వినుటయే అసలు పని యని ఆ ఘట్టము చెప్పకయే చెప్పుచున్నది.

హంస, సింహాసనము

భారతదేశమునకు మోటారు వచ్చినపుడు ధనికులు దానిని వాహనముగా మాత్రము చూడలేదు, ఉత్సవవాహనముగా చూచిరి. ఇందుకు హద్దుమీఱిన దృష్టాంతము 1910లో కలకత్తా వీధులలో కనబడెను. రాబర్ట్ మాథ్యూసన్ అను ధనికుడు ఇంగ్లండులోని లోస్టాఫ్ట్ పట్టణమున బ్రూక్ కంపెనీవారిచేత హంసరూపమున ఒక కారు చేయించెను. రాత్రివేళ ఆ హంస కన్నులు వెలిగెడివి. ముక్కునుండి ఆవిరి చిమ్మి ఎదుటి జనమును తొలగించెడిది. చక్రములకు అంటిన ఏనుగుపేడను ఊడ్చుటకు బ్రష్షులుండెడివి. అంతటితో తృప్తినొందక, హంస రెట్టవేసినట్లు వెనుకనుండి సున్నము జాఱవిడుచు ఏర్పాటు కూడ చేయించెను. జనులు బెదరి గందరగోళపడగా పోలీసులు కల్పించుకొనవలసి వచ్చెను. తరువాత నాభా మహారాజు ఆ హంసను కొని, దానికి తోడుగ విద్యుత్తుతో నడచు చిన్న హంసపిల్ల నొకదానిని చేయించెను. ఆ రెండును నేడు నెదర్లాండ్సు దేశమున హేగ్ నగరమందలి లౌమన్ ప్రదర్శనశాలయందున్నవి. బ్రహ్మవాహనము సముద్రము దాటి పరదేశమున స్థిరపడినది.

హైదరాబాదు కథ దీనికి భిన్నము. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ రోల్సురాయిస్ సిల్వర్ గోస్ట్ కారొకటి చేయింప నిచ్చి, అది చేరకముందే 1911 ఆగస్టులో కాలధర్మము నొందెను. పసుపువన్నెగల ఆ కారులో వెనుక నుండునది మామూలు కూర్చుండు పీట కాదు, సింహాసనము. ఉత్సవములకే వాడబడుటచే అది తిరిగిన దూరము బహు స్వల్పము. నేడు చౌమహల్లా ప్రాసాదమును చూడబోవువారు దానిని చూడవచ్చును.

రాజులను గూర్చి కథలకు కొదవ లేదు. లండను దుకాణమున అవమానింపబడిన ఒక మహారాజు అక్కడి రోల్సురాయిస్ కార్లన్నియు కొనివచ్చి ఊరిచెత్త మోయుటకు వాడెననియు, కంపెనీవారు తంతిమీద క్షమాపణ కోరిరనియు ఒక కథ ఊరూర వినబడును. ఒకరు అల్వరు రాజనుదురు, ఒకరు భరతపురమనుదురు, ఇంకొకరు పటియాలా అనుదురు, మఱియొకరు నిజామే యనుదురు. ఒకే కథ నలుగురు రాజులకు అతుకుచున్నదనిన అది చరిత్ర కాదు, తెనాలి రామలింగని కథలవంటి జానపదము. పరపాలనలో తలవంచిన దేశము తన గౌరవమునకై అల్లుకొన్న కథ అది. దానిని కథగా దాచుకొనవలెను గాని చరిత్రగా బోధింపరాదు.

హైదరాబాదులోనే జంతుప్రదర్శనశాలకు సమీపమున, బహదూర్‌పురాయందు, కె. సుధాకర్ 2010లో నెలకొల్పిన సుధా కార్ల ప్రదర్శనశాల యున్నది. అచటి బండ్లు పాతవి కావు, వింతవి. ఎత్తుమడమ చెప్పు, చేతిసంచి, క్రికెట్టుబంతి, సోఫా, ఇవియన్నియు చక్రములు తొడిగికొని నిజముగా నడచును. ఆయన 2005లో 41 అడుగుల 7 అంగుళముల ఎత్తుగల మూడుచక్రముల సైకిలు చేసి గిన్నిస్ గ్రంథమున కెక్కెను. పాత సామగ్రి దుకాణములలో పడియున్న ముక్కలే ఆ బండ్లకు ముడిసరుకు. మాథ్యూసన్ హంసకు ధనము మూలధనము. ఈ బండ్లకు చేతిపనియే మూలధనము.

అవసరమే అభిమానమైన చోటు

పాతబండ్లను ప్రేమచే దాచుకొనువారు కొందఱైన, గతిలేక దాచుకొన్నవారు కొందఱు. కూబా దేశమున 1959లో విప్లవము వచ్చెను. తరువాత అమెరికా వర్తకమును నిలిపివేయగా క్రొత్తకార్లును, మరమ్మతు భాగములును రావడము ఆగిపోయెను. 2011 వఱకు అచట జనులు స్వేచ్ఛగా కొనుటకును అమ్ముటకును విప్లవమునకు ముందటి కార్లకే అనుమతి యుండెడిది. కావున 1950ల నాటి అమెరికా కార్లకు రష్యా యంత్రములు తొడిగి, చేతికి దొరికిన ముక్కతో అతుకులు వేసి, తండ్రినుండి కొడుకు అందుకొనుచు నడిపిరి. హవానా వీధులలో వానిని ‘పెద్ద బాదముకాయలు’ అని ముద్దుగా పిలుచుచు జట్టుటాక్సీలుగా వాడుదురు. పరదేశపు యాత్రికుడు వానిని చూచి మురిసిపోవును. దానిని నడుపువాడు ఈపూట గడచినదని నిట్టూర్చును. బండి ఒకటే, చూపులు రెండు.

ఈ దేశమున అంబాసిడర్ కారు కూడ కొంత అట్టిదే. ఆంగ్లేయుల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాపై 1950ల చివరనుండి 2014 వఱకు కలకత్తా సమీపమున ఉత్తరపారాలో అది తయారయ్యెను. మంత్రులకును, కలెక్టర్లకును, పెండ్లికొడుకులకును అదియే రథము. కొనువారికి వేఱుదారి తక్కువ గనుక అది అంతకాలము నిలిచినది. అంతకాలము నిలిచినది గనుక దానిపై మమకారము పుట్టినది. బొంబాయి నగరమున 2023 అక్టోబరుతో పద్మినీ టాక్సీలు వీధులనుండి తొలగినపుడు, నిన్నటివఱకు ఆ బండి కుదుపులను తిట్టినవారే కంటతడి పెట్టిరి.

అసలుది యేది?

ఇంతవఱకు వినోదము. ఇక వివాదము. బండి పాతబడినకొలది భాగములు మార్చక తప్పదు. చక్రములు మార్చి, యంత్రము మార్చి, పైకట్టు మార్చిన పిమ్మట అది పాతబండి యెట్లగును?

ఈ ప్రశ్న 1990లో లండను న్యాయస్థానమున కెక్కినది. ‘ఓల్డ్ నంబర్ వన్’ అను బెంట్లీ కారు ఫ్రాన్సులోని ల మాన్ పట్టణమున జరుగు 24 గంటల పందెమును 1929లోను, 1930లోను గెలిచెను. దానిని 1 కోటి పౌనులకు కొనుట కొప్పుకొన్నవారు, ఇందు నాటి భాగములు బహు స్వల్పముగా నున్నవి గనుక ఇది ఆ కారే కాదని వెనుకకు తగ్గిరి. జస్టిస్ ఆటన్ తీర్పు యొక్క సారాంశమిది: 1929లో పందెమునకు వచ్చిన క్షణమున నున్నట్టి కారు ఇప్పుడు లేదు, ఉండజాలదు. కాని నాటినుండి నేటివఱకు ఆ కారు చరిత్ర ఎచటను తెగలేదు. ఒకదాని తరువాత ఒకటిగా భాగములు మాఱినను అది అదియే. కావున కొనువారు మాట నిలుపుకొనవలెను.

ఈ తీర్పు గ్రామవాసులకు క్రొత్త గాదు. దేవుని రథమునకు ఒక తరమున చక్రములు, ఒక తరమున ఇరుసు, ఒక తరమున పైభాగము మాఱును. అది తాతలనాటి రథమే యని అందఱును ఒప్పుకొందురు. పూరీ క్షేత్రమున ఏటేట మూడు రథములను క్రొత్తకఱ్ఱతో చేయుదురు. అవి జగన్నాథుని రథములు కావని యెవ్వరును అనరు. వస్తువును నిలుపునది కఱ్ఱయు కాదు, ఇనుమును కాదు, తెగని వరుస. ఆ వరుసకు సాక్ష్యము చూపగలవారే అసలుది తమదని చెప్పగలరు.

ఆ సాక్ష్యమెచ్చట నుండును? కాగితములలో నుండును. వెటరన్ కార్ క్లబ్బువారు ఒక బండి వయస్సును నిర్ణయింపవలసినపుడు దాని భాగములను చూచుటతో సరిపుచ్చుకొనరు. కంపెనీ జాబితాలు, నాటి ప్రకటనలు, పత్రికలు, ఛాయాచిత్రములు గాలింతురు. 1904లో తయారైనదని తేలినచో బ్రైటన్ యాత్రకు అర్హత. 1905 అని తేలినచో వాకిట నిలుచుటయే. కొన్ని కాగితములపై అంత ఆధారపడియున్నది.

భారత ప్రభుత్వము 2021లో చేసిన నియమముల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను నుండి 50 ఏండ్లు దాటి, పెద్ద మార్పులు లేక మొదటి రూపమునే నిలుపుకొన్న బండిని వింటేజ్ వాహనముగా నమోదు చేయవచ్చును. దాని సంఖ్యలో ‘వీ ఏ’ అను అక్షరములుండును. ప్రదర్శనలకును, ర్యాలీలకును, పరిశోధనకును, ఇంధనము మరమ్మతుల కొఱకును తప్ప నిత్యము వాడుటకు వీలులేదు. ఢిల్లీ నగరమున స్టేట్స్‌మన్ పత్రికవారు 1964లో ఆరంభించిన ర్యాలీ వంటివి ఇట్టి బండ్లకు జాతరలు. కాని పాత రిజిస్ట్రేషను పుస్తకమును చెదలకు వదలిన యజమాని తన బండి వయస్సు నెట్లు నిరూపించును? పత్రమున్న పాతకారు చరిత్ర. పత్రము లేని పాతకారు తూకమునకు అమ్ముడుపోవు ఇనుము.

గ్రంథాలయమునకు చెందిన మాట

ఇచటనే ఈ ప్రసంగము గ్రంథాలయపు గడప తొక్కుచున్నది. ఇరువదియైదేండ్లలో ఈ గ్రంథాలయమున ఎన్ని పుస్తకములు చిరిగి క్రొత్తవి వచ్చియుండును! బల్లలు మాఱియుండును, కార్యదర్శులు మాఱియుందురు, చదువరులలో ఒక తరము పోయి ఇంకొక తరము వచ్చియుండును. అయినను అది అదే గ్రంథాలయము. ఏల యనగా వరుస తెగలేదు. ఆ వరుసకు సాక్ష్యములు మొదటి చందాదారుల పట్టిక, పుస్తకముల నమోదు పుస్తకము, ఎరువిచ్చిన పుస్తకముల లెక్క, సభల కరపత్రములు, వెనుకటి వార్షికోత్సవముల ఛాయాచిత్రములు. చోటు చాలదని బీరువా ఖాళీ చేయువేళ మొదట చిత్తుకాగితముల వర్తకుని తక్కెడ కెక్కునవి ఇవియే. పుస్తకము పోయిన మఱియొక ప్రతి ఎచటనైన దొరకవచ్చును. వీనికి రెండవ ప్రతి లోకమున లేదు.

గ్రామమునకు వచ్చిన మొదటి బస్సు టిక్కెట్టు, మొదటి ట్రాక్టరు రశీదు, మొదటి మోటారుపంపు లైసెన్సు ఎవరి ఇంటి పెట్టెలోనో ఉండవచ్చును. అట్టివానిని అడిగి తెచ్చి, తేదీ వ్రాసి, ఒక అరలో పెట్టుట గ్రంథాలయమువారు చేయదగిన పని. దానికి ధనము అక్కఱలేదు. జెనివీవ్ చిత్రమున పందెము మధ్య ఆగి వృద్ధుని మాట విన్న నాయకునివంటి ఓపిక చాలును. ఊరిలో మొదటి బస్సెక్కిన జ్ఞాపకము గల ముసలివారు ఉన్నపుడే ఆ మాట అడిగి వ్రాసికొనవలెను. వారు పోయిన పిమ్మట ఆ బండి నడచిన దారి కూడ పోవును.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనునపుడు, ఈ రజతోత్సవ సంచికయు, ఈనాటి ఆహ్వానపత్రికయు దాని అరలో భద్రముగా నుండుగాక.